మోసేదే బ్యాటరీ గదరా

మా నాన్నకు రేపల్లెలో మైకు సెట్ల కొట్టు ఉండేది. రెండు అహూజా యాంప్లిఫయర్లు, గోడకు వేలాడే నాలుగు హారన్లు, ఒక టేప్‌రికార్డరు, మూలన చెక్కపలక మీద వరసగా లారీ బ్యాటరీలు. అంతే కొట్టు. కరెంటున్న పందిట్లో పనైతే బ్యాటరీతో పన్లేదు. కానీ పెళ్ళి ఊరేగింపు, ఎలక్షన్ల ప్రచారం, గ్రామోత్సవం, ఎవరైనా పోతే పాడె ముందు భగవద్గీత క్యాసెట్టు... ఇవన్నీ నడిచే పనులు. నడిచే పనికి బ్యాటరీ కావాలి. ఒక్కోటి ఇరవై కిలోల పైనే. కొట్లోంచి రిక్షా మీదికి, రిక్షా మీంచి కిందికి, అక్కణ్ణించి చార్జింగుకి, మళ్ళీ కొట్లోకి. నాన్న చొక్కాలన్నిటికీ సరిగ్గా పొట్ట దగ్గర చిల్లులుండేవి, యాసిడ్ పడి. నలభై ఎనిమిదో ఏట నడుం పట్టేసింది. డాక్టరు బరువులెత్తొద్దన్నాడు. మర్నాడు పొద్దున్నే నాన్న బ్యాటరీ ఎత్తాడు, ఆ రోజు పెళ్ళుంది మరి.

అది 2005. నేను బాపట్లలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఆ సెలవుల్లో నాకొచ్చిన ఆలోచన ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది కానీ అప్పుడు చాలా సీరియస్. ఆ బ్యాటరీని నెత్తిన పెట్టుకుని నాన్న వెనకాల నడిచే రోబో ఒకటి చెయ్యాలి.

ఆ తర్వాత దాన్ని మూడుసార్లు చేశాను. ఒకసారి రేపల్లెలో, ఒకసారి బాపట్లలో, ఒకసారి తెనాలిలో. మూడుసార్లూ నన్ను ఏడిపించిన ప్రశ్న ఒకటే: ఇది ఏం తిని నడుస్తుంది? తర్వాతెప్పుడో రోబోల చరిత్ర చదవడం మొదలుపెట్టాక తెలిసింది, మహామహులంతా ఇక్కడే ఏడ్చారని. ఆ చరిత్ర రాసేవాళ్ళు ఎక్కువగా రోబోల మెదడు గురించి రాస్తారు. కడుపు సంగతి ఒక పేరాలో తేల్చేస్తారు. నాకు తెలిసింది కడుపు గురించే కాబట్టి నేను అదే రాస్తాను.

మొదటి రోబో నిజానికి ఒక చెక్కపలక. సీనియర్ ఒకడు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోంచి తెచ్చిపెట్టిన 8051 మైక్రోకంట్రోలరు, మోటార్లను తిప్పడానికి ఎల్293డి అనే వేలెడంత ఐసీ, నిమిషానికి 60 చుట్లు తిరిగే రెండు గేరు మోటార్లు. కరెంటు మాత్రం గోడ ప్లగ్గులోంచి, 12 వోల్టుల ఎలిమినేటర్ మీదుగా, ఆరు మీటర్ల వైరుతో. హాల్లో ముందుకీ వెనక్కీ చక్కగా తిరిగింది. గుమ్మం దాకా వచ్చి ఆగింది. వైరు అయిపోయింది.

నాన్న కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. "గుమ్మం దాటదా?" అన్నాడు.

"వైరు పెంచితే దాటుద్ది నాన్నా."

"ఎంతకని పెంచుతావ్? గుడి దాకానా?"

రోబో అన్న మాట పుట్టింది నాటకంలో. తెనాలి చుట్టుపక్కలవాళ్ళకి ఇది నచ్చే సంగతి. కారెల్ చాపెక్ 1920లో 'ఆర్.యు.ఆర్.' అనే నాటకం రాశాడు, 1921 జనవరిలో ప్రాగ్‌లో ఆడారు. చెక్ భాషలో రొబోటా అంటే వెట్టిచాకిరి. ఆ మాటని వాడమని సలహా ఇచ్చింది ఆయన అన్న యోసెఫ్. మన 'మరమనిషి'లో మర ఉంది, మనిషి ఉన్నాడు, చాకిరీ మాత్రం జారిపోయింది. ఇంకో తమాషా ఏంటంటే చాపెక్ రోబోలు ఇనపవి కావు. ఫ్యాక్టరీలో ముద్ద కలిపి పోతపోసిన, దాదాపు రక్తమాంసాల జీవులు. కాబట్టి నాటకంలో ప్లగ్గు, వైరు, చార్జింగు లాంటి బాధలేవీ లేవు. ఆ మాటను ఇనుముకి అంటించాకే అసలు కష్టం మొదలైంది.

దూరం నుంచి నడిపే యంత్రాన్ని అంతకుముందే, 1898లో, నికోలా టెస్లా న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జనానికి చూపించాడు. నీళ్ళ తొట్టిలో ఒక చిన్న పడవ, లోపల బ్యాటరీలు, రేడియో తరంగాలతో అటూ ఇటూ తిరిగింది. ఆ పడవకి వైరు అక్కర్లేదు. టెస్లా తెలివిని తక్కువ చెయ్యను కానీ, అందులో సగం పుణ్యం నీళ్ళది. బ్యాటరీ బరువు నీళ్ళు మోశాయి.

ఇది మా డెల్టాకి బాగా తెలిసిన విద్యే. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు సాగుకే కాదు, ప్రయాణానికీ రోడ్లయ్యాయి. కొమ్మమూరు కాలవ పట్టుకుని పెదగంజాం దాకా పోతే అక్కడ బకింగ్‌హాం కాలవ అందుకుంటుంది, దాని మీద మద్రాసుదాకా పోయేవాళ్ళు. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు నడుస్తూ తాడుతో పడవను లాగేవాళ్ళు. నేల మీద ఒక బస్తా మోసే మనిషి, నీళ్ళ మీద టన్నుల కొద్దీ ధాన్యాన్ని కదిలిస్తాడు. కాకపోతే గట్టున్నంత మేరే, తాడున్నంత మేరే. 1916లో తెనాలి నుంచి రేపల్లెకి రైలొచ్చింది. అదీ పట్టా దాటి రాదు.

కరెంటు సంగతి సరే, అసలు వెలుగుని మోసుకెళ్ళడం కూడా మా వైపు పెద్ద పనే. పద్యనాటకాలు ఊరూరా తిరిగిన రోజుల్లో వెలుగంటే పెట్రోమాక్స్ లైటు. కిరసనాయిలు పోసి, పంపు కొట్టి, మాంటిల్ అంటించి దూలానికి వేలాడదీస్తే రాత్రంతా వెలుగు. శబ్దానికైతే అదీ లేదు. 1902లో బాపట్లలో పుట్టి తెనాలి రామవిలాస సభలో సత్యభామగా వెలిగిన స్థానం నరసింహారావు నటన మొదలుపెట్టినప్పుడు మైకు ఎక్కడిది? చివర వరసలో కూర్చున్నవాడికి వినపడాలంటే గొంతే దిక్కు. మా నాన్న ఈ మాట చాలాసార్లు అనేవాడు, "వాళ్ళకి మైకు సెట్టోడితో పన్లేదు" అని, గౌరవమూ కొంచెం అసూయా కలిపి.

తర్వాత రేడియో వచ్చింది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. కరెంటు లేని ఊళ్ళో వాల్వు రేడియో పాడాలంటే బ్యాటరీ ఉండాలి, దాని ఫిలమెంట్లు వేడెక్కడానికే బోలెడు ఖర్చు. 1947 డిసెంబరులో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ట్రాన్సిస్టరు ఈ లెక్కనంతా తిరగేసింది. దాన్ని సాధారణంగా సైజు తగ్గిన కథగా చెప్తారు. నాకైతే అది ఆకలి తగ్గిన కథ. వాల్వు పోయాక నాలుగు టార్చిలైటు సెల్లులతో వారాల తరబడి పాటలొచ్చాయి. బ్యాటరీ బలం పెరగలేదు, తినేవాడి ఆకలి తగ్గింది. ఈ తేడా నాకు అర్థమై ఉంటే పదేళ్ళు కలిసొచ్చేవి.

మా ఇళ్ళల్లో అసలు 'బ్యాటరీ' అంటే టార్చిలైటే. "ఆ బ్యాటరీ ఇట్టా అందుకో" అనేది మా నాయనమ్మ. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుఫాను కృష్ణకి ఇవతల రేపల్లె, బాపట్ల వైపునీ వదల్లేదు. ఆ రాత్రి గురించి చెప్పినప్పుడల్లా నాయనమ్మ కథలో రెండు వస్తువులుండేవి, ట్రాన్సిస్టరు, బ్యాటరీలైటు. రెండింటికీ సెల్లులు ఒకటే జత. వార్తలు వినాలంటే చీకట్లో కూర్చోవాలి, వెలుగు కావాలంటే వార్తలు మానుకోవాలి. ఏది ఎప్పుడని తాతయ్య తేల్చేవాడట.

రెండో రోబో బాపట్లలో, 2007లో, ఫైనలియర్ అయిపోతుండగా. ఈసారి వైరు ఉండకూడదని పట్టుదల. విజయవాడ ఆటోనగర్‌కి పోయి పాత కారు వైపర్ మోటార్లు రెండు కొన్నాను. వైపర్ మోటారు మొండిది, బరువు లాగుతుంది, కానీ తినేదీ అట్టాగే తింటుంది. మామూలుగా 3, 4 ఆంపియర్లు. ఎక్కడన్నా ఇరుక్కుంటే 15 పైన. దానికి యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల సీల్డు బ్యాటరీ. రెండున్నర కిలోలు.

కాగితం మీద లెక్క బానే ఉంది. 7 ఆంపియర్లు లాగితే గంట రావాలి. వచ్చింది అరగంట పైచిలుకు. మోసపోయాననుకుని బ్యాటరీ షాపువాడితో గొడవేసుకున్నాను. అతని తప్పేం లేదు. లెడ్-యాసిడ్ బ్యాటరీ మీద రాసే 7 అనే అంకె, ఇరవై గంటల పాటు నిదానంగా, గంటకి మూడోవంతు ఆంపియరు చొప్పున తాగితే వచ్చేది. గబగబా తాగితే అంత ఇవ్వదు. ఎంత తగ్గిస్తుందో ప్యూకర్ట్ అనే జర్మన్ ఆయన 1897లోనే సూత్రం కట్టి పెట్టాడు. మా సిలబస్‌లో ఎక్కడో ఉండే ఉంటుంది.

సరే, ఇంకో బ్యాటరీ పెట్టాను. బరువు పెరిగింది. చెక్క ఒంగింది. చెక్క తీసేసి ఇనప యాంగ్లర్లతో ఫ్రేము వెల్డింగ్ చేయించాను. బరువు ఇంకా పెరిగింది. మోటార్లు ఇంకా ఎక్కువ తిన్నాయి. మళ్ళీ బ్యాటరీ చాలలేదు. చివరికి బండి ఒక్కటే పద్దెనిమిది కిలోలు తూగింది, దాని మీద ఇరవై రెండు కిలోల లారీ బ్యాటరీ. మొదలెట్టిన ప్రతిసారీ ఇంకో తంటా: మోటారు ఒక్కసారిగా కరెంటు గుంజగానే వోల్టేజీ పడిపోయి మైక్రోకంట్రోలరు స్పృహ తప్పేది. లేచి, తానెవరో గుర్తు తెచ్చుకుని, మళ్ళీ మోటారు ఆన్ చేసేది. మళ్ళీ స్పృహ తప్పేది. బండి వణుకుతూ నిలబడేది. కెపాసిటర్లు పెట్టి, మెదడుకి వేరే చిన్న బ్యాటరీ ఇచ్చి ఆ జబ్బు కుదిర్చాను. ఇంకాస్త బరువు.

ఆ వేసవిలో రేపల్లెలో తెలిసినవాళ్ళ పెళ్ళి ఊరేగింపులో దించాం. పన్నెండు నిమిషాలు నడిచింది. సెంటర్లో ఆగిపోయింది. వెనక బ్యాండు మేళం, గుర్రం మీద పెళ్ళికొడుకు, మధ్యలో కదలని ఇనప బండి. నలుగురు వచ్చి బండితో సహా బ్యాటరీని ఎత్తి రిక్షాలో పెట్టారు. ఆ నలుగురిలో నాన్న ఒకడు. అంతకుముందు ఆయన ఎత్తేది ఇరవై రెండు కిలోలు. నా రోబో పుణ్యమా అని నలభై.

రాత్రి అన్నం తింటూ నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు: "మోసేదే బ్యాటరీ గదరా? నెత్తిన అంత తిండి పెట్టుకుని ఆకలితో చావటమేంది? దాంట్లోంచే తిని నడవొచ్చుగా?"

నాకు సిగ్గేసింది. రెండేళ్ళలో ఈ ముక్క తట్టలేదు. మర్నాడే రెండు యూపీఎస్ బ్యాటరీలూ పీకేసి, మోటార్ల వైర్లు లారీ బ్యాటరీకి కలిపాను. ఐదు కిలోలు తగ్గింది, బండి పరిగెత్తింది. యాంప్లిఫయర్ ఆన్ చేశాం. హారన్లోంచి ఘంటసాల పాటతో పాటు ఘుర్రుమని ఒక గర్జన. మోటారు బ్రష్షుల దగ్గర లేచే నిప్పురవ్వల గోలంతా అదే బ్యాటరీ మీదుగా యాంప్లిఫయర్లోకి ఎక్కి, ఊరంతా వినపడేలా హారన్లోంచి దిగుతోంది. బండి మలుపు తిరిగినప్పుడల్లా పాట నీరసించి గర్జన పెరుగుతుంది. నాన్న పగలబడి నవ్వాడు. "పెళ్ళికి పనికిరాదు గానీ పులేషాలకి పనికొచ్చుద్దిరా" అన్నాడు.

ఉద్యోగం వచ్చి హైదరాబాద్ పోయాను. బండి అటకెక్కింది. నిజానికి అటక మొయ్యదని దొడ్లో పెట్టారు.

హైదరాబాద్‌లో ఉన్న ఏళ్ళలో చదివినవి చాలావరకు ఓదార్పు కోసమే. నాకు బాగా దగ్గరైనది స్టాన్‌ఫర్డ్ కార్ట్. అరవైలలో అక్కడ ఒక విద్యార్థి చంద్రుడి మీద నడిచే బండిని భూమ్మీంచి నడపడం సాధ్యమేనా అని చూడటానికి చేసిన బల్లలాంటి బండి. నాలుగు సైకిల్ చక్రాలు, ఒక కారు బ్యాటరీ, ఒక కెమెరా, వెనక పొడవాటి కేబులు. ఫోటో చూడగానే మా బాపట్ల బండికి పెద్దన్నలా అనిపించింది. 1979లో హాన్స్ మొరావెక్ చేతిలో అది కుర్చీలు అడ్డం పెట్టిన గదిని మనిషి సాయం లేకుండా దాటింది. 20 మీటర్లకి దాదాపు ఐదు గంటలు. మీటరు నడిచి ఆగి ఆలోచించేది. దాని తరఫున ఆలోచించే కంప్యూటరు మాత్రం బండి మీద లేదు, మొయ్యలేదు కాబట్టి. అదే కాలిఫోర్నియాలో అంతకుముందు చేసిన షేకీ కూడా అంతే, మెదడు ఇంకో గదిలో, మధ్యలో రేడియో. అంటే వీళ్ళు చేసిన పనేంటి? తిండి మోసుకోవడానికి చోటు కావాలి కాబట్టి మెదడుని ఇంట్లో వదిలేసి వచ్చారు.

ఇంగ్లండులో గ్రే వాల్టర్ 1948, 49లలో చేసిన ఎల్మర్, ఎల్సీ అనే తాబేళ్ళవి ఇంకో దారి. వాటికి దాదాపు మెదడే లేదు, రెండు వాల్వులు. కానీ బ్యాటరీ తగ్గేకొద్దీ గూట్లోని దీపం వైపు లాగబడి వెళ్ళి చార్జింగు అందుకునేలా కట్టాడాయన. ఆకలేస్తే ఇంటికి పోవాలని తెలిసిన యంత్రం. అంత తెలివి నా బండికి ఏనాడూ రాలేదు.

హోండా కంపెనీ కథ దగ్గర మాత్రం పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. 1986లో వాళ్ళు చేసిన మొదటి నడిచే కాళ్ళకి ఒక్క అడుగు వెయ్యడానికి ఐదు సెకన్లు పట్టేది. పదేళ్ళ తర్వాత, 1996లో, పీ2 అనే మనిషి ఆకారాన్ని లోకానికి చూపించారు. బ్యాటరీ వీపు మీదే, బయటి వైరు లేదు, మెట్లెక్కింది. బరువు 210 కిలోలు. ఓపిక పావుగంట. ప్రపంచంలోకెల్లా గొప్ప ఇంజనీర్లు, బోలెడు డబ్బు, ఫలితం పావుగంట. మాది పన్నెండు నిమిషాలు. తర్వాతి ఏడాది పీ3, 130 కిలోలు. 2000లో ఆసిమో, ఇంచుమించు యాభై కిలోలు, అరగంట. నా రెండో రోబోలో నేను బ్యాటరీ పెంచుతూ పోతే, వాళ్ళు ఏటికేడు ఒళ్ళు తగ్గించుకుంటూ పోయారు. ట్రాన్సిస్టరు రేడియో కూడా ఇదే చెప్పింది, నేను వినలేదు.

ఒక రాత్రి కూర్చుని ఒక లెక్క వేశాను. లెడ్-యాసిడ్ బ్యాటరీ కిలో బరువుకి 30, 40 వాట్-అవర్ల శక్తి పట్టుకుంటుంది. మంచి లిథియం సెల్లు 200 పైన. మరి కిలో బియ్యం? 3,500 కేలరీల చిల్లర, అంటే 4,000 వాట్-అవర్లు. మనిషి కండ అందులో ఐదోవంతునే పనిగా మారుస్తుందనుకున్నా 800. మిల్లు దగ్గర 75 కిలోల బస్తా వీపునేసుకుని లారీ ఎక్కే ముఠా కూలీ పొద్దున తిన్న పళ్ళెం అన్నంతో పనిచేస్తున్నాడు. ఏ రోబో కంపెనీ దగ్గరా ఇప్పటికీ అలాంటి బ్యాటరీ లేదు. చాపెక్ ఆ మాటని చాకిరీలోంచి ఎందుకు తీశాడో ఈ లెక్క తర్వాత ఇంకాస్త అర్థమైంది. చాకిరీ చేసే ఒళ్ళు అంత చవకగా నడుస్తుంది. డెల్టాలో బస్తాలు మోసే యంత్రం ఇన్నాళ్ళు రాకపోవడానికి కారణం మన వెనకబాటు కాదు, అన్నం.

మూడో రోబోకి కారణం ఒక చెత్తకుప్ప. 2018లో ఉద్యోగరీత్యా తెనాలిలో ఉన్నాను. తెనాలికి ఇనప తుక్కుతో ఒక చుట్టరికం ఉంది. సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర నట్లు, బోల్టులు, గేర్లు, పాత బండ్ల చెయిన్లు కలిపి విగ్రహాలు చేస్తారు. 2021లో వాళ్ళు తుక్కుతో చేసిన 14 అడుగుల ప్రధాని విగ్రహం పేపర్లలో చూసే ఉంటారు. ఆ విగ్రహాల్ని చూసినప్పుడల్లా నాకు కుళ్ళుగా ఉంటుంది. ఎంత బరువైనా పెట్టుకోవచ్చు, అది నడవక్కర్లేదు.

నేను వెతికే తుక్కు వేరు. పాతసామాన్ల కొట్టు బాబాయి దగ్గర ఒక విరిగిన హోవర్‌బోర్డు కనపడింది. రెండు చక్రాల మీద నిలబడి ఒంగితే పోయే ఆటబండి, గుర్తుందా? 2015లో ప్రపంచమంతా ఎక్కి తిరిగింది, ఆపైన బ్యాటరీలు అంటుకోవడంతో 2016లో ఒక్క అమెరికాలోనే ఐదు లక్షలు వెనక్కి తీసుకున్నారు. "ఏం జేసుకుంటావ్ అబ్బాయ్, పిల్లలు గూడా ఎక్కరు" అన్నాడు బాబాయి. ఆరొందలిచ్చి తెచ్చుకున్నాను.

అందులో నాకు కావలసినవి రెండున్నాయి. మొదటిది చక్రాలు. మోటారు చక్రం కడుపులోనే ఉంటుంది. గేర్లు లేవు, చెయిన్లు లేవు, బ్రష్షులు లేవు. బ్రష్షులు లేవు కాబట్టి నిప్పురవ్వలూ లేవు, వైపర్ మోటార్ల నాటి ఆ గర్జన చాలావరకు పోయినట్టే. రెండోది బ్యాటరీ. బొటనవేలు కంటే కొంచెం పెద్ద లిథియం సెల్లులు, ఇరవై. వరసకి రెండు చొప్పున పది వరసలు, మొత్తం 36 వోల్టులు, 4.4 ఆంపియర్-అవర్లు. శక్తి 158 వాట్-అవర్లు. నేను బాపట్లలో ఐదు కిలోల సీసంలో మోసినదీ దాదాపు ఇంతే. ఇది కిలో చిల్లర.

సెల్లుల్లో ఆరు చచ్చిపోయి ఉన్నాయి. ఒక్కోటి వోల్టేజీ కొలిచి, రెండున్నర కంటే కిందికి పడినవాటిని పక్కన పారేసి, కొత్తవి నికెల్ పట్టీతో స్పాట్ వెల్డింగ్ చేయించాను. టంకం వెయ్యలేదు, ఆ వేడికి సెల్లు చెడుతుంది. సెల్లులన్నీ సమంగా నిండేలా కాపలా కాసే చిన్న బోర్డు ఒకటి పెట్టాను. దీన్ని మాత్రం ఎవరూ మానెయ్యకండి. మొదటి నెల పెరట్లో ఇసక పోసిన మూకుట్లో పెట్టి చార్జింగు చేశాను, ఎదురుగా స్టూలేసుకుని కూర్చుని. సోనీ కంపెనీ 1991లో ఈ రకం సెల్లుని అమ్మడం మొదలుపెట్టింది వీడియో కెమెరాలు తేలిక చేసుకోవడానికి. దాని వెనకున్న ముగ్గురికి 2019లో నోబెల్ ఇచ్చారు. ఆ మధ్య ఏళ్ళలో ప్రతి రోబో ఇంజనీరూ ఇంకొకరి కెమెరా, ఇంకొకరి ఫోను కోసం పుట్టిన బ్యాటరీని అరువు తెచ్చుకుని బతికాడు. నేనూ అంతే.

ఇనప యాంగ్లర్లు పోయి అల్యూమినియం గొట్టాలొచ్చాయి. బండి తొమ్మిది కిలోలకి దిగింది. రేపల్లె తీసుకెళ్ళి, లారీ బ్యాటరీ నెత్తిన పెట్టి, ఫోన్లో బటన్ నొక్కాను. కొట్టు నుంచి గుడి దాకా, గుడి నుంచి కొట్టు దాకా. మళ్ళీ ఇంకోసారి. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని ముందు నడిచాడు, తిరిగి చూడకుండా. హారన్లో పాట తేటగా వచ్చింది.

కానీ అప్పటికి పని లేదు. పెళ్ళిళ్ళకి డీజేలు జనరేటరు వేసుకుని వ్యాన్లలో దిగుతున్నారు. చిన్న పనులకి చక్రాలు, హ్యాండిలు, లోపలే బ్యాటరీ, పైన బ్లూటూత్ ఉన్న ట్రాలీ స్పీకర్లు ఊరంతా వచ్చేశాయి. పిల్లాడు కూడా లాక్కుపోతాడు. పదమూడేళ్ళుగా నేను బ్యాటరీని మోసే యంత్రం చేస్తుంటే, వేరేవాళ్ళెవరో మొయ్యాల్సిన బ్యాటరీనే లేకుండా చేశారు. 2019లో నాన్న కొట్టు మూసేశాడు. హారన్లు పాతసామానుకి అమ్మేశాడు. చెక్కపలక, బిల్లు పుస్తకాలు, ఒక యాంప్లిఫయర్ ఇంటికి తెచ్చుకున్నాడు.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు మేమిద్దరం టీవీ ముందు కూర్చున్నాం. ప్రజ్ఞాన్ రోవరు 26 కిలోలు, సోలార్ పలక ఇచ్చేది 50 వాట్లు అని చెప్పాను. "మన పాత ఫ్యానంత లేదు గదరా" అన్నాడు నాన్న. ఆ 50 వాట్లతో అది వంద మీటర్ల పైచిలుకు నడిచింది. సెప్టెంబరు మొదట్లో బ్యాటరీ నిండుగా చార్జింగు చేసి, మళ్ళీ సూర్యుడొచ్చే వైపు పలక తిప్పి నిద్రపుచ్చారు. 22న సూర్యుడొచ్చాడు. అది లేవలేదు. నాన్న రెండు మూడు రోజులు పేపర్లో దాని కోసమే చూశాడు. "చలికి బ్యాటరీ చచ్చుంటది" అని ఆయనే తీర్పు చెప్పాడు. బ్యాటరీలతో నలభై ఏళ్ళు కాపరం చేసిన మనిషి.

ఆ డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నేను ముందురోజే రేపల్లె చేరాను. మా వీధిలో కరెంటు రెండు రోజులు లేదు. మొదటి రాత్రే నాన్న అడిగాడు, ఆ బండిలోది పనిచేస్తుందా అని. ప్యాక్ ఊడదీశాను. ఐదేళ్ళ పాతది, మూడోవంతు బలం పోయి ఉంటుంది. 36 వోల్టుల్ని 5కి దించే చిన్న కన్వర్టరు తగిలించి, రెండు ఫోన్ల వైర్లు, ఒక ఎల్‌ఈడీ బల్బు కలిపి ఇచ్చాను. నాన్న దాన్ని కూరగాయల సంచిలో వేసుకుని ఎత్తి చూశాడు. "దీనికి బరువే లేదేంది?" అన్నాడు. ఎడం చేత్తో ఎత్తాడు, కుడిచేత్తో ఎత్తాడు.

తర్వాత ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. పాత బిల్లు పుస్తకం ఒకటి తీసి, గీతలు కొట్టి, వీధిలో ఎవరెవరికి ఎంతసేపు అని రాశాడు. నెల నిండిన గర్భిణి ఇంటికి ఫోను ముందు, బల్బు రాత్రంతా. కొడుకు వేటకి పోయి నిజాంపట్నంలో ఆగిపోయిన ముసలామెకి రోజుకి రెండుసార్లు. వీడియోలు చూసే కుర్రాళ్ళకి ఇరవై నిమిషాలు, అదీ చివర్లో. ఫోనుకి 15 వాట్-అవర్లనుకుంటే ఎన్ని వస్తాయో నన్నడిగి, అందులోంచి రెండు తగ్గించి లెక్క రాసుకున్నాడు. 'అద్దె' అని అచ్చేసిన గడి ఖాళీగా వదిలేశాడు. సంచి పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో ఇల్లిల్లూ తిరిగాడు. అరవై ఆరేళ్ళు, పాడైన నడుం. నేను తీసుకెళ్తానంటే ఇవ్వలేదు.

మూడో రోజు కరెంటొచ్చింది. ప్యాక్‌ని మళ్ళీ బండికి బిగించబోతుంటే నాన్న వద్దన్నాడు. వరండాలో పాత చెక్కపలక చూపించి, అక్కడ పెట్టమన్నాడు. నెలకోసారి తనే చార్జింగు పెడతాడు, వోల్టేజీ చూసి పలక పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాస్తాడు. బండి దొడ్లో ఉంది. దాని మీద అమ్మ వడియాలు ఎండబెడుతుంది. నీడ జరిగినప్పుడల్లా కాలితో ఎండలోకి నెడుతుంది.